కిన్నెరకు ఒక్క నిమిషం

2021 సెప్టెంబరు 2, పవన్ కల్యాణ్ పుట్టినరోజు. ఆయన సినిమా ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట ఆ రోజే యూట్యూబ్‌లోకి వచ్చింది. అభిమానులు సౌండు పెంచుకుని డ్రమ్ముల మోత కోసం కాచుకున్నారు. మొదట వినబడింది డ్రమ్ము కాదు, తీగ. సన్నగా, కాస్త గరుకుగా, ఎండిన బుర్రలో తిరిగి బయటికొచ్చినట్టు మోగే తీగ. దాని మీద, గుట్ట అవతలి వాళ్లకు వినబడాలన్నట్టు ఎత్తుకున్న ఒక పెద్దవయసు గొంతు. నిమిషానికి అటూ ఇటుగా పాడి ఆ గొంతు తప్పుకుంది. సంగీత దర్శకుడు తమన్ బీటు అప్పుడు దిగింది.

పాట విన్నవాళ్లు చాలామంది అడిగింది ఒకటే. ఎవరాయన? ఆ చేతిలో ఉన్నదేమిటి?

ఆయన దర్శనం మొగిలయ్య. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. 2016లో జిల్లాలు చీలకముందు అదంతా పాలమూరే. చేతిలో ఉన్నది పన్నెండు మెట్ల కిన్నెర. పాట చెప్పే నల్లమల అడవికి లింగాల అంచునే ఉంటుంది. సినిమావాళ్లు అతిథిగా పిలిచింది నిజానికి ఆ ఇంటి మనిషినే.

ఆ నిమిషంలో ఆయన ఏం చెప్పారో మళ్లీ ఒకసారి వినాలి. ముందు ఒక గుట్ట ఆనవాలు. ఆ తర్వాత వాగు, వాగు పక్కన తండా, అక్కడొక చెట్టు. చెట్టు కింద ఒక తల్లి నొప్పులు పడుతోంది. ఆ తర్వాత బిడ్డ పుట్టిన మాట. ఆనక తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఇవన్నీ గడిచాక, ఆఖరున, బిడ్డకు పెట్టిన పేరు. తెలుగు సినిమా హీరో పాట సాధారణంగా హీరో ఎన్ని లారీలు పేల్చగలడో చెబుతుంది. ఎవరి మనవడో చెప్పదు. పాట రచయిత రామజోగయ్యశాస్త్రి. ఈ ఎత్తుగడ మాత్రం ఆయన గానీ తమన్ గానీ కనిపెట్టింది కాదు. అది మొగిలయ్య పుట్టిన డక్కలివాళ్ల వృత్తి.

డక్కలి అంటే మాదిగలకు ఆశ్రిత కులం. షెడ్యూల్డు కులాల జాబితాలో చిన్న సంఖ్యలో ఉన్న కులాల్లో ఒకటి. మాదిగవాడలకు వెళ్లి వాళ్ల కులపురాణం, గోత్రాలు, ఇంటింటి వంశం చెప్పడం, చెప్పినందుకు ఇచ్చింది పుచ్చుకుని పక్క ఊరికి కదలడం వాళ్ల బతుకు. రాజుల వంశాలకు శాసనాలున్నాయి, కైఫీయతులున్నాయి. చెప్పులు కుట్టినవాళ్ల వంశానికి ఉన్న దస్తావేజు డక్కలివాడి జ్ఞాపకం ఒక్కటే. తప్పు చెబితే ఆ ఇంటి ముసలమ్మ అక్కడికక్కడే దిద్దుతుంది. అందుకే వంశం చెప్పే పాటకు ఒక నడక ఏర్పడింది: ముందు చోటు, తర్వాత కడుపు, తర్వాత పేర్లు. గట్టిగా, తొందర లేకుండా, ఒక్కో పేరు మీద నిలబడి. సినిమా హీరోకు పరిచయం కావాల్సి వచ్చినప్పుడు ఆ నడక చక్కగా పనికొచ్చింది. పనికొచ్చిందన్న సంగతి ఎంతమంది గమనించారన్నది వేరే మాట.

కిన్నెరను దగ్గరగా చూద్దాం. నడుమ ఉన్నది వెదురుబొంగు. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు కట్టి ఉంటాయి. బొంగు మీద మెట్లు. వీణకైనా కిన్నెరకైనా, వేలు ఆనే ఆ చిన్న గట్లను మెట్లనే అంటారు. వీణకు అవి 24, ఈ కిన్నెరకు సరిగ్గా సగం. బొంగుకు మెట్లను పట్టి ఉంచేది తేనెమైనం. తీగలు ఇప్పుడు లోహానివి. వెనకటి రోజుల్లో నరాలతో, వెంట్రుకలతో పేనిన తీగలుండేవని చెబుతారు. కొసన ఒక చెక్కపిట్ట. పాట నడుస్తుంటే అదీ కదులుతుంది. పిల్లలు పాట కన్నా ముందు ఆ పిట్టను చూస్తారు. తీగ మీటిన అదురే బొంగు వెంట పాకి పిట్టదాకా పోతుందని అర్థమయ్యే వయసు వచ్చేసరికి పాట కూడా చెవికెక్కుతుంది.

ఈ సరుకంతా ఎక్కడిది? వెదురు అడవిది, బుర్ర కంచె మీదిది, మైనం తేనెపట్టుది. కొనాల్సింది దాదాపు తీగ ఒక్కటే. పనసచెక్క తెప్పించి, ఆచారి చేత చెక్కించి, దంతపు నగిషీ పెట్టించిన వీణ ఒక ఇంట్లో కుదురుగా ఉంటుంది. ఏడాదిలో సగం రోజులు దారి మీదే ఉండే మనిషికి అలాంటిది కుదరదు. భుజాన వేసుకుంటే బరువనిపించకూడదు. బుర్ర పగిలితే వచ్చే ఊరి పెరట్లో ఇంకో బుర్ర దొరకాలి. ఎండకు మైనం కరిగి మెట్టు జరిగితే వేలితో మళ్లీ నిలబెట్టుకోగలగాలి.

బుర్ర పని ఏమిటంటే, ఒంటరి తీగకు బలం లేదు. గాలిలో దాని అదురు ఇట్టే పోతుంది. బుర్రలోని గాలి ఆ అదురును పట్టుకుని పెంచుతుంది. సొరకాయలు అచ్చుపోసినవి కావు కాబట్టి ఏ రెండు బుర్రలూ ఒక్క కొలతలో ఉండవు. ఒక్కో బుర్ర ఒక్కో స్థాయిని ఎక్కువగా పలికిస్తుంది. పాటలో కొన్ని స్వరాలు మందంగా, కొన్ని పలచగా రావడం అందుకే. స్టూడియోలో ఇలాంటిది లోపం. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. కానీ ఆ సరిచేసే బటన్ నొక్కిన మరుక్షణం కిన్నెర గిటార్ యాప్‌లాగా అయిపోతుంది.

ఇక వాయించే తీరు. మొగిలయ్య ఒక చరణం పాడతారు. కిన్నెర అదే వరసను తిరిగి చెబుతుంది. చరణం అడుగుతుంది, తీగ ఊఁ కొడుతుంది. పల్లెల్లో కథ చెప్పేవాడికి ఊఁ కొట్టే వంత ఒకరుండాలి. ఒగ్గుకథకు, బుర్రకథకు మనుషులున్నారు. కిన్నెరకాడు ఒక్కడే తిరుగుతాడు కాబట్టి వంత పని కూడా వాయిద్యానిదే. డప్పు లేదు, తాళాలు లేవు. తీగ మీటే చెయ్యే తాళం. అందుకే ఆ చేతికి ఒక కుదుపు ఉంటుంది. సరిగ్గా గడియారం టిక్కుటిక్కుమన్నట్టు పడదు, మనిషి నడిచినట్టు పడుతుంది.

గొంతు సంగతి ఇంకా తమాషా. అది పూర్తిగా పాట కాదు, పూర్తిగా మాటా కాదు. కథ సాగే చోట మాట వైపు ఒరుగుతుంది, ఏడుపు వచ్చే చోట రాగం వైపు. స్వరాలు కొన్నే, వరస చిన్నదే, అదే వరస మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. చిన్న వరస ఎందుకంటే కథ పెద్దది. గంటల తరబడి చెప్పాల్సినవాడికి రాగం అడ్డం రాకూడదు. నేలలాగా కింద పరుచుకుని ఉండాలి. జనం కూచుంటే కథ పెరుగుతుంది. వాన మబ్బు పట్టి జనం లేవబోతే రెండు ఘట్టాలు మింగేసి మరణం దగ్గరికి దూకుతుంది. ఏ రాత్రి ఎంత కొలత అన్నది పాడేవాడి చేతిలో ఉంటుంది.

మొగిలయ్య పేరు చెబితే పాలమూరులో ముందు గుర్తొచ్చే కథ పండుగ సాయన్నది. నిజాం కాలంలో ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ల ఇళ్లు దోచి లేనివాళ్లకు పంచాడని, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు చేయించాడని జనం చెప్పుకునే మనిషి. సర్కారు లెక్కలో దొంగ, పాట లెక్కలో పండుగ. మియాసాబ్ అనే ఇంకో మనిషి కథ కూడా మొగిలయ్య పాడతారు. ఇలాంటి మనుషుల మీద పాట కట్టడానికి కచేరీ గొంతు పనికిరాదు. ఇంటి వెనక గోడ దగ్గర నిలబడి గుట్టు చెబుతున్నట్టుండే గొంతు కావాలి. కిన్నెర గొంతులో ఆ గుట్టు ఉంది.

ఇలాంటి గొంతును బీటుతో కలిపే ఇంకో పద్ధతి చూడటానికి కాసేపు ఇంగ్లండు పోయి రావాలి. అక్కడ బ్రిస్టల్ అని ఒక రేవు పట్టణం. ఒకప్పుడు బానిసల వ్యాపారంతో బలిసిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జమైకా నుంచి, పక్క దీవుల నుంచి వచ్చినవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల రెగ్గే, డబ్, అమెరికా నుంచి వచ్చిన హిప్‌హాప్, అన్నీ అక్కడి కుర్రాళ్ల సౌండ్ సిస్టంలలో కలిశాయి. 1991లో ‘మాసివ్ అటాక్’ అనే బృందం ‘బ్లూ లైన్స్’ అనే ఆల్బమ్ వేసింది. డాన్సుకు పనికిరానంత నెమ్మది బీటు, కిందెక్కడో దొర్లే లోతైన బేస్, పాత రికార్డుల్లోంచి కోసి తెచ్చుకున్న ముక్కలు, చెవిలో చెబుతున్నట్టుండే ర్యాప్. 1994లో ‘మిక్స్‌మ్యాగ్’ అనే పత్రిక ఈ తరహాకు ‘ట్రిప్ హాప్’ అని పేరు పెట్టింది. బ్రిస్టల్‌వాళ్లకు ఆ పేరు నచ్చలేదు. పేరు మాత్రం అంటుకుపోయింది.

ఈ బృందంలో గొప్ప గాయకులు లేరు. ఆ సంగతి వాళ్లకే తెలుసు. అందుకే గొంతులను బయటి నుంచి పిలిచారు. షారా నెల్సన్ వచ్చి ‘అన్‌ఫినిష్డ్ సింపథీ’ పాడింది. 1994 ఆల్బమ్‌కు పేరిచ్చిన ‘ప్రొటెక్షన్’ పాటకు ట్రేసీ థోర్న్ మాటలూ రాసింది, పాడింది కూడా. 1998లో ఎలిజబెత్ ఫ్రేజర్ ‘టియర్‌డ్రాప్’ పాడింది. ‘హౌస్’ అనే అమెరికన్ డాక్టర్ సీరియల్ చూసినవాళ్లు ఆ పాట మొదటి తాళం గుర్తుపడతారు. అందరికన్నా ఆసక్తికరమైన అతిథి హోరెస్ ఆండీ. కింగ్‌స్టన్‌లో 1970ల్లోనే పేరు తెచ్చుకున్న రెగ్గే గాయకుడు. సన్నగా వణికే గొంతు. ‘బ్లూ లైన్స్’ నాటికి ఆయన కాలం అయిపోయిందని చాలామంది అనుకునే స్థితి. మాసివ్ అటాక్ వేసిన అయిదు స్టూడియో ఆల్బమ్‌లలోనూ ఆయన ఉన్నాడు. 1973లో ఆయన పాడిన ఒక ప్రేమపాటను తీసుకుని, దాన్ని నెమ్మదించి, కింద చీకటి బేస్ పోసి, 1998లో ‘ఏంజెల్’ చేశారు. పాట రచయితల జాబితాలో ఆయన పేరూ ఉంది. పిలిచిన గొంతుకు పాట మొత్తం ఇచ్చారు. దాని చుట్టూ బీటును కట్టారు, బీటు ముందు దాన్ని నిలబెట్టలేదు. ఈ ఒక్క తేడా మీదే అసలు పేచీ అంతా.

ఈ బృందం చెయ్యి మన ఉపఖండానికీ ముందే తగిలింది. 1990లో నుస్రత్ ఫతే అలీఖాన్ ‘మస్త్ మస్త్’ వచ్చినప్పుడు దానికి రీమిక్స్ చేసింది వీళ్లే. ఖవ్వాలీ తెలియని లండన్ క్లబ్బుల్లో నుస్రత్ గొంతు మోగడానికి ఆ రీమిక్స్ ఒక దారి. తన పద్ధతిలో తను పాడే పెద్ద గొంతు, కింద తన పద్ధతిలో తను నడిచే యంత్రం. రెండూ రాజీ పడకుండానే కలిసి నడిచాయి.

ఇప్పుడు ‘భీమ్లా నాయక్’ ఆల్బమ్‌కు తిరిగి రావచ్చు. అది ట్రిప్ హాప్ కాదు. సంక్రాంతి కోడిపందెం మైదానంలో పెట్టడానికి చేసిన మాస్ బీటు. అందులో తప్పు పట్టాల్సిందీ లేదు, తమన్‌కు ఆ విద్య బాగా తెలుసు. టైటిల్ పాటలో శ్రీకృష్ణ, పృథ్వీచంద్ర, రామ్ మిరియాల గొంతులూ ఉన్నాయి. మొగిలయ్య వాటా ఆ ఎత్తుగడ. మంచి ఎత్తుగడే. పదేళ్లలో వచ్చిన హీరో పరిచయ పాటల్లో ఇంతగా వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేసిన మొదలు ఇంకోటి దొరకడం కష్టం. కానీ బీటు దిగిన క్షణాన కిన్నెర ఇంటి ముందు తోరణమైపోతుంది. లోపలికి రాదు. కిన్నెర తాళం, కంప్యూటర్ తాళం ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఒకటి అయిపోయాక రెండోది మొదలవుతుంది.

అదే ఆల్బమ్‌లో 2021 డిసెంబరులో వచ్చిన ‘అడవి తల్లి మాట’ వేరే దారి పట్టింది. మంచిర్యాల జిల్లాకు చెందిన కుమ్మరి దుర్గవ్వను పిలిచి, సాహితి చాగంటితో కలిపి పాడించారు. దుర్గవ్వ బడి చదువు చదవలేదు, సంగీత పాఠమూ చెప్పించుకోలేదు. నాట్ల దగ్గర, బతుకమ్మ దగ్గర తేలిన గొంతు. ఆ పాటలో బీటు ఒక అడుగు వెనక్కి తగ్గింది. నెమ్మదిగా నడిచింది. ఆమె పదం ఎక్కడ ఆగితే అక్కడ ఆగడానికి సిద్ధపడింది. యువగాయని శుభ్రమైన గొంతు పక్కన దుర్గవ్వ గొంతులోని జీర ఇంకా స్పష్టంగా వినబడుతుంది. జీరను తుడిచేయాలని ఎవరూ ప్రయత్నించకపోవడమే ఆ పాట గొప్పతనం. బ్రిస్టల్ పేరు ఎవరూ ఎత్తకపోయినా, తెలుగు సినిమాలో ఆ తరహాకు దగ్గరగా వచ్చిన పాటల్లో దాన్ని లెక్కపెట్టవచ్చు. అతిథికి నిమిషం ఇస్తే ఏమవుతుందో, పాట ఇస్తే ఏమవుతుందో ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కనే వినవచ్చు.

పల్లె గొంతును సినిమాలోకి పిలవడం ఇప్పటి ఆచారం కాదు. నల్లగొండవాళ్లను అడిగితే ‘మా భూమి’ దగ్గర మొదలుపెడతారు. 1979 నాటి ఆ సినిమాకు గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు, సంగీతం చేసినవాళ్లలో వింజమూరి సీతాదేవి ఉన్నారు. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను అందులో గద్దర్ గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని, తెర మీదే నిలబడి పాడాడు. సుద్దాల హనుమంతు రాసిన పల్లెటూరి పిల్లగాడి పాటా అందులోదే. సుద్దాల అప్పుడు నల్లగొండ జిల్లాలో ఊరు, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో. ఆ పాటలకు ఆర్కెస్ట్రా దుప్పటి కప్పలేదు. పాడినవాళ్ల ఊపిరి వినబడేంత ఖాళీ ఉంచారు. నలభై ఏళ్లు దాటినా ఆ రికార్డింగులు పాతబడకపోవడానికి కారణాల్లో ఆ ఖాళీ ఒకటి.

2002లో ‘కుబుసం’ వచ్చింది. గోరటి వెంకన్న రాసిన పల్లె కన్నీటి పాటను వందేమాతరం శ్రీనివాస్ పాడగా రాష్ట్రమంతా మోగింది. వెంకన్నదీ పాలమూరే, తెల్కపల్లి మండలం గౌరారం. లింగాలకు దూరమేమీ కాదు. సినిమా ఎవరికీ గుర్తులేదు, పాట అందరికీ గుర్తుంది. ఇలాంటిది తెలుగులో చాలాసార్లు జరిగింది. పాలమూరు, నల్లగొండ మెట్ట నేలలు వలసకూలీలతో పాటు పాటల్నీ ఎగుమతి చేశాయి. రెండింటికీ కూలి రేటు పట్నంలోనే తేలింది.

కూలి మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చూద్దాం. మొగిలయ్యకు 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఉగాది పురస్కారం ఇచ్చింది. ఆయన కళ బడి పిల్లల పాఠంలోకీ ఎక్కింది. ‘భీమ్లా నాయక్’ పాట తర్వాత పవన్ కల్యాణ్ రెండు లక్షల రూపాయలు అందించారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించారు. 2024 మే నెలలో హైదరాబాద్ శివారులో ఆయన కూలిపని చేస్తున్న వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. వచ్చిన సొమ్ము పిల్లల పెళ్లిళ్లకు, ఇంటి ఖర్చులకు అయిపోయిందని, నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిందని ఆయన చెప్పారు. ఎవరి తప్పన్న వాదన టీవీల్లో రెండు రోజులు నడిచింది. ఆ రెండు రోజుల్లో ఎవరూ వెయ్యని ప్రశ్న ఒకటుంది. కోట్లసార్లు విన్న పాటలో మొదటి నిమిషం పాడిన మనిషికి, ఆ పాట మోగినప్పుడల్లా ఏమైనా వస్తుందా? దానం గురించి అందరూ మాట్లాడారు, వాటా గురించి మాట్లాడలేదు. హోరెస్ ఆండీకి, మొగిలయ్యకు ఉన్న తేడా గొంతులో లేదు, కాగితం మీద ఉంది.

జానపద పాటకు సొంతదారు ఎవరన్న చిక్కు ‘సారంగదరియా’ దగ్గరా వచ్చింది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ పాత పల్లవికి కొత్త చరణాలు రాశారు, మంగ్లీ పాడింది. ఆ పల్లవిని ముందే సేకరించి టీవీ వేదిక మీద పాడిన గాయని తన మాటేమిటని అడిగింది. చివరికి రాజీ కుదిరింది. ఊరి పాట ఎవరిదీ కాదని చెప్పడం సులువు. అలా చెప్పేవాళ్ల పేరు మాత్రం రికార్డు మీద ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో చిన్న తికమక కూడా తీర్చుకోవాలి. 2023లో ‘బలగం’ సినిమా చివర పాడి జనాన్ని ఏడిపించిన మొగిలయ్య వేరు. ఆయన పస్తం మొగిలయ్య, వరంగల్ వైపు దుగ్గొండి ప్రాంతం, భార్య కొమురమ్మతో కలిసి కథలు చెప్పిన మనిషి. 2024 డిసెంబరులో కన్నుమూశారు. రెండు పేర్లు కలిపేసి సంతాపాలు రాసినవాళ్లు సామాజిక మాధ్యమాల్లో తక్కువేమీ లేరు. ఒక మొగిలయ్య తెలిస్తే చాలనుకునే అలవాటు మనది.

పాలమూరులో బుర్రలు కట్టిన తీగవాయిద్యం కిన్నెర ఒక్కటే కాదు. కర్ణాటక సరిహద్దున నారాయణపేట జిల్లాలో దామరగిద్ద ఉంది. అక్కడి దాసరి కొండప్పది బుర్రవీణ. వెదురు, సొరబుర్ర, లోహపు తీగలు, అంతే. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు, భక్తిపాటలు పాడతారు. 2024లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ల తేడాతో ఒకే పాత జిల్లాలో సొరబుర్ర వాయిద్యాలకు రెండు పద్మశ్రీలు. దేశంలో ఇంకెక్కడైనా ఇలా జరిగిందేమో తెలిసినవాళ్లు చెప్పాలి. ఒక్కటి మాత్రం నిజం: రెండుసార్లూ వార్తల్లో ‘చివరి కళాకారుడు’ అనే మాట వాడారు. బిరుదులా వాడారు గానీ అది ఫిర్యాదు.

ఈ వాయిద్యానికి వయసు తక్కువేమీ కాదు. పదమూడో శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’ చిన్న కిన్నరి, పెద్ద కిన్నరి అని రెండు రకాలు చెప్పింది. పెద్దదానికి మూడు బుర్రలు. ఇంచుమించు ఆ కాలంలోనే పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య కథ రాశాడు. కిన్నెర మీటుకుంటూ శివుణ్ణి కొలిచిన భక్తుడు ఆయన. అంటే శాస్త్రగ్రంథంలోనూ భక్తికావ్యంలోనూ చోటున్న వాయిద్యం ఇది. తర్వాతి కాలంలో వీణ గద్దె మీదికెక్కింది, కిన్నెర ఊరి వెలుపలికి నడిచింది. అక్కడే ఉండి దాన్ని కాపాడినవాళ్లు డక్కలివాళ్లు. ఊరు వాళ్లకు చోటివ్వలేదు, వాళ్లు మాత్రం ఊరి వాయిద్యానికి చోటిచ్చారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఇలాంటి వాయిద్యాలను వెతికి, సేకరించి, జనం ముందు పెట్టే పనిలో ఏళ్లు గడిపారు. మ్యూజియం అద్దాల వెనక వాయిద్యం భద్రంగా ఉంటుంది, నిజమే. మైనం కరగదు, మెట్టు జరగదు, పిట్ట కూడా తల ఊపదు.

అద్దాల బయట చెయ్యాల్సిన పని ఇంకోటి మిగిలింది. నెమ్మది బీటు, లోతైన బేస్, మళ్లీ మళ్లీ తిరిగే చిన్న వరస, పాటకూ మాటకూ మధ్య ఉండే గొంతు, చట్టం అవతలి మనుషుల కథలు. ట్రిప్ హాప్ కోరుకునేవన్నీ ఇవే. బేస్ ఒక్కటి తప్ప మిగతావన్నీ కిన్నెర కథలో ముందే ఉన్నాయి. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ మీద పాటలు కట్టే కుర్రవాళ్లు బ్రిస్టల్ రికార్డులు వింటున్నారు, అదీ తెలుసు. వాళ్లకూ మొగిలయ్య ఊరికీ మధ్య ఉన్న దూరం రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు.

అలాంటి ఆల్బమ్ చెయ్యదలిచినవాళ్లు మూడు నాలుగు తప్పులు చెయ్యకపోతే చాలు. కిన్నెర శ్రుతిని కీబోర్డుకు సరిపెట్టకూడదు, కీబోర్డునే కిన్నెరకు సరిపెట్టాలి. మైనం మీద నిలబడ్డ మెట్టు చెవి చెప్పిన చోట ఉంటుంది, లెక్క చెప్పిన చోట ఉండదు. మొగిలయ్య చెవిలో మెట్రోనోమ్ పెట్టి ఆయన చేతి కుదుపును గడియారానికి కట్టెయ్యకూడదు. ముందు ఆయన కథ అంతా రికార్డు చేసి, ఆ నడకను కొలిచి, బీటునే దానికి తగ్గట్టు వంచాలి. ఇది సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల పని. కిన్నెర బదులిచ్చే చోట డ్రమ్ము మూసుకుని ఊరుకోవాలి. పాట ఎనిమిది నిమిషాలైతే ఎనిమిది నిమిషాలుండనివ్వాలి. పాడినవాళ్ల పేరు రచయితల వరసలో వెయ్యాలి, కృతజ్ఞతల వరసలో కాదు.

అప్పటిదాకా చెయ్యగలిగింది చిన్నది. పండుగ సాయన్న కథను మొగిలయ్య గొంతులో యూట్యూబ్‌లో వినవచ్చు. రికార్డింగు నాణ్యత అంతంతమాత్రమే, మధ్యలో ఎవరో దగ్గుతారు, బండి హారను కూడా వినబడొచ్చు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రాత్రిపూట, మొదటి నిమిషం దాటాక కూడా ఆపకుండా వినండి.